హైస్కూలు చిన్న తరగతుల పిల్లలతో నాటిక వేయించడం ఎలా?

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల నాటికలు చాలావరకు మొదటి రోజే చెడిపోతాయి. టీచర్ స్క్రిప్టు పంచి, "సోమవారానికల్లా కంఠతా పట్టుకుని రండి" అంటారు. ఎనిమిది వారాల తర్వాత స్టేజీ మీద పిల్లలు పాఠం అప్పజెబుతుంటే "వీళ్లకి నటన రాదు" అని నిట్టూరుస్తారు. నటన రాకపోవడం కాదు, కంఠతా పట్టించిన సమయం తప్పు. అక్కడికే వస్తాను. ముందు తేలిక పనులు ముగిద్దాం.

కావలసినవి

ఖాళీ గది, నాలుగు కుర్చీలు, ఒక బల్ల, నేల మీద స్టేజీ హద్దులు గీయడానికి సుద్దముక్క, తలా ఒక స్క్రిప్టు, తలా ఒక పెన్సిల్. పెన్ను వద్దు, రాసుకున్న కదలికలు చెరిపి మార్చాల్సి వస్తుంది. నాటిక 15 నిమిషాలు దాటకూడదు. వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి 45 నిమిషాలు, మొత్తం 8 వారాలు. కాస్ట్యూముల మాట ఆరో వారం దాకా ఎత్తకండి. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం (శరీర కదలికలు), వాచికం (మాట), ఆహార్యం (వేషధారణ), సాత్త్వికం (లోపలి భావం) అని నాలుగుగా విభజించింది. బడి నాటికల్లో శ్రమంతా ఆహార్యానికే పోతుంది, మిగతా మూడింటికీ చివరి వారం మిగులుతుంది.

మొదటి రెండు వారాలు: చేతిలో కాగితం ఉండకూడదు

ప్రతి క్లాసులో మొదటి 10 నిమిషాలు వార్మప్. అద్దం ఆటలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు కదిలితే రెండోవారు అచ్చం అలాగే కదలాలి. నెమ్మదిగా ఆడించండి. ఎవరు నడిపిస్తున్నారో చూసేవాళ్లు కనిపెట్టలేకపోతే ఆట సరిగ్గా సాగుతున్నట్టు. తర్వాత నలుగురేసి కలిసి ఒక సంఘటనను కదలకుండా, మాట్లాడకుండా మూడు బొమ్మలుగా చూపించాలి: జరగకముందు, జరుగుతుండగా, జరిగాక. కథ తెలియకపోతే మళ్లీ చేయించండి.

గొంతుకు ఒక్క కసరత్తు చాలు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని గాలి పీల్చి, "స్‌స్‌స్" అంటూ 15 లెక్కపెట్టేదాకా సమంగా వదలాలి. "గట్టిగా అరువు" అని మాత్రం అనకండి. ఈ వయసులో మగపిల్లలకు గొంతు మారుతుంటుంది, అరిస్తే బొంగురుపోతుంది. ఊపిరి నిండుగా తీసుకుని, నోరు బాగా తెరిస్తే మాట వెనక వరుసకు చేరుతుంది.

పాత్రలు మూడో వారంలో పంచండి. పెద్ద గొంతున్న వాళ్లకు కాదు, ఎదుటివాళ్లు చెప్పేది వినే వాళ్లకు ముఖ్యపాత్ర ఇవ్వండి. కదలకుండా నిలబడే చెట్టు వేషం ఎవరికీ వద్దు. నటించడం ఇష్టంలేని పిల్లలకు తెర, సామాన్లు, ప్రాంప్టింగ్ (మరిచిపోయిన డైలాగు పక్కనుంచి అందించడం) అప్పగించండి. అవి నిజమైన పనులు.

అసలు చిక్కు: డైలాగు

ఇంట్లో ఒంటరిగా డైలాగు బట్టీ పట్టిన పిల్లవాడికి మాటతో పాటు ఒక రాగం కూడా అంటుకుంటుంది. అది ఒకసారి పట్టుకుంటే వదలదు. ఎదుటి పాత్ర ఏడ్చినా, అరిచినా జవాబు అదే రాగంలో వస్తుంది. ఇంకో నష్టం కూడా ఉంది. వాడు ఎదుటి డైలాగు వినడు, దాని చివరి మాట కోసం కాచుకుని ఉంటాడు. ఆ మాట ఎవరైనా మింగేస్తే నాటిక అక్కడే ఆగిపోతుంది.

అందుకే ఈ వరస తప్పొద్దు. సీనును కూర్చుని ఒకసారి చదివించండి. స్క్రిప్టు మూసి, ఏం జరిగిందో చెప్పమనండి. అదే సీనును సొంత మాటల్లో ఆడించండి. తర్వాత ఒక్కొక్కరినీ అడగండి: "ఎదుటివాళ్ల నుంచి నీకేం కావాలి?" "నేను కోపంగా ఉన్నాను" అనేది జవాబు కాదు. "తాళంచెవి ఇచ్చేలా చేయాలి" అనేది జవాబు. రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ పట్టుబట్టింది కూడా దీని మీదే, పాత్రకు ఏం కావాలన్న దాని మీద. "కోపంగా చెప్పు" అంటే కనుబొమలు ముడిపడతాయి, అంతే. కావాల్సిందేదో తెలిస్తే కోపం తనంతట తనే వస్తుంది.

ఇప్పుడు స్క్రిప్టు చేతికిచ్చి, నడకలతో కలిపి రిహార్సల్ మొదలుపెట్టండి. ఏ మాట దగ్గర లేచారో, ఏ మాట దగ్గర తిరిగారో పెన్సిల్‌తో రాసుకుంటారు. కదలికతో కలిసి వచ్చిన డైలాగు నాలుగో వారానికి సగానికి పైగా నోటికి వచ్చేస్తుంది. మిగిలినది ఇంట్లో చదివినా రాగం పట్టదు.

మీరు మాత్రం ఒక్క డైలాగు కూడా పలికి చూపించకండి. పిల్లలు మీ గొంతును దించేస్తారు, నాటికంతా మీరొక్కరే మాట్లాడినట్టు ఉంటుంది. మాట చప్పగా వస్తే, ఎదుటి పాత్రను "ఏంటీ?" అని నిజంగా అడగమనండి. రెండోసారి చెప్పేటప్పుడు ఎదుటివాళ్లకు చెబుతారు. లేదా ముందు సొంత మాటల్లో చెప్పించి, ఊపిరి తిప్పుకోకుండా రాసిన డైలాగు చెప్పించండి.

వాక్యం చివర గొంతు దిగిపోవడం పిల్లల్లో చాలామందికి ఉండే లోపం. తెలుగులో అది వాక్యాన్నే తినేస్తుంది, ఎందుకంటే మన క్రియ చివర్లో ఉంటుంది. "నేను రేపు వాళ్లింటికి..." దాకా వినిపించి, వెళ్తాడో వెళ్లడో వినపడకపోతే సీనే పోయినట్టు. ఆఖరి మాటను గోడకు తగిలేలా చెప్పమనండి.

ఐదో వారంలో స్క్రిప్టు తీసేయండి, క్లాసుకు రెండు పేజీల చొప్పున. ఆ రోజు నడకలు మరిచిపోతారు, గొంతులు పడిపోతాయి. రెండు మూడు క్లాసుల దాకా అలాగే ఉంటుంది. భయపడి కాగితాలు తిరిగి ఇచ్చారో, మళ్లీ మొదటికొస్తుంది. మరిచిపోయిన వాళ్లు పాత్రలోంచి బయటికి రాకుండా "లైన్" అనాలి, ప్రాంప్టర్ మొదటి రెండు మాటలే అందించాలి. అడగనిదే అందించకూడదు. ప్రతి మౌనమూ మరుపు కాదు, కొన్నిచోట్ల ఆ మౌనమే నటన.

నిలబడటం, నడవటం

చెప్పకపోతే అందరూ ముందువైపు వరసగా, ప్రార్థనకు నిలబడినట్టు నిలబడతారు. ముగ్గురుంటే త్రికోణంలో నిలబెట్టండి. సొంత డైలాగు మీదే కదలాలి. ఇంకొకరు మాట్లాడుతుండగా కదిలితే చూపులన్నీ కదిలే వాళ్లవైపే పోతాయి.

చివరి వారం

కాస్ట్యూములతో కనీసం రెండు పూర్తి రిహార్సల్స్ కావాలి. పొడుగు అంచులు, ఊడే మీసాలు అక్కడే బయటపడతాయి. చిన్న హాలైతే స్టాండు మైకు పెట్టకండి, పాత్రలన్నీ దాని చుట్టూ మూగుతాయి. ప్రదర్శన సమయంలో మీరు వింగ్స్‌లో, అంటే స్టేజీ పక్క తెరల వెనక, ఉండకూడదు. మీరు కనబడితే పిల్లల కళ్లు ప్రతి తప్పుకూ మీవైపు తిరుగుతాయి. ప్రాంప్టర్‌కు పని అప్పజెప్పి, ప్రేక్షకుల్లో ఆఖరి వరుసలో కూర్చోండి.