పెద్ద టీవీ కొంటున్నారా? ముందు టేపు తీసి హాలు కొలవండి

సోఫాలో కూర్చుంటే మీ తల ఎక్కడుంటుందో అక్కడి నుంచి టీవీ గోడ దాకా కొలవండి. మన ఫ్లాట్లలో హాలు ఎంత పొడుగున్నా టీవీ చూసేది మాత్రం అడ్డంగానే, అంటే హాలు వెడల్పు పదకొండు అడుగులుంటే అందులో సోఫాకే మూడడుగులు పోయి కంటికీ తెరకీ మధ్య మిగిలేది ఎనిమిదే. ఆరేడు అడుగులకు 55 అంగుళాలు, ఎనిమిదికి 65, తొమ్మిది పది ఉంటే 75 హాయిగా చూడొచ్చు. 65 అంగుళాల టీవీ దాదాపు 144 సెంటీమీటర్ల వెడల్పు, 81 ఎత్తు ఉంటుంది. ఆ కొలతకి పాత పేపర్లు అతికించి ఒకరోజు గోడ మీదే ఉంచితే ఇంట్లో అందరికీ విషయం అర్థమైపోతుంది. లిఫ్టు కూడా కొలవండి, ఎందుకంటే 75 అంగుళాల పెట్టెను నిలువుగానే మోయాలి, పడుకోబెడితే ప్యానల్ పగిలే ప్రమాదం ఉంది.

ఇక ఏ రకం? బాల్కనీ గాజు తలుపులోంచి పగలంతా వెలుతురు పడే హాలైతే మినీ ఎల్ఈడీ గానీ మంచి క్యూఎల్ఈడీ గానీ తీసుకోండి, తెర వెనక లైట్లతో బాగా వెలిగే రకాలివి. రాత్రిపూట లైట్లు ఆపి సినిమాలు చూసేవాళ్లకి ఓఎల్ఈడీని మించింది లేదు, అందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలిగి ఆరుతుంది, ఆ నలుపు ఇంకెందులోనూ రాదు. కానీ పొద్దున లేస్తే పడుకునేదాకా న్యూస్ ఛానల్ నడిచే ఇంట్లో ఓఎల్ఈడీ వద్దనే చెప్తాను, కదలకుండా ఉండే లోగో, కింద స్క్రోలింగ్ పట్టీ ఏళ్ల తరబడి అదే చోట వెలిగితే తెర మీద మచ్చలా మిగిలిపోవచ్చు. షోరూమ్‌లో అన్నీ వివిడ్ మోడ్‌లో మెరుస్తుంటాయి, ఆ మెరుపు చూసి పడిపోకండి. రిమోట్ అడిగి సినిమా మోడ్ పెట్టించండి, మామూలు కేబుల్ ఛానల్ వేయించండి, పక్కకి జరిగి చూడండి. పండక్కి చుట్టాలొస్తే చాప మీద ఓ మూల కూర్చునేవాళ్లకీ రంగులు వెలిసినట్టు కనిపించకూడదు కదా.

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి పాత ధర చూపించి 'ఇంత డిస్కౌంట్' అంటే నమ్మకండి.

అసలు జాగ్రత్త గోడ దగ్గరే. డ్రిల్ పెట్టినప్పుడు రాలే పొడి చూడండి. ఎర్రగా రాలితే ఇటుక, మామూలు ప్లగ్గులు చాలు. తెల్లగా, పిండిలా, బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగిపోతే అది తేలికపాటి ఏఏసీ బ్లాకు, అందులో మామూలు ప్లగ్గు కొన్నాళ్లకి వదులవుతుంది, ఆ బ్లాకుల కోసమే చేసిన పొడవాటి యాంకర్లు అడిగి వేయించండి. హైదరాబాద్‌లో గచ్చిబౌలి, నార్సింగి వైపు కొత్త టవర్లలో మివాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడలుంటాయి, వాటికి హామర్ డ్రిల్ కావాల్సిందే. స్విచ్‌బోర్డుకి నిలువుగా పైన మాత్రం ఎక్కడా రంధ్రం వేయనివ్వకండి, లోపల వైర్ల పైపు ఉంటుంది.

ఎత్తు విషయంలో ఇన్‌స్టాల్ చేసే అబ్బాయి తొందరపడతాడు, మీరు పడకండి. తెర మధ్యభాగం నేల నుంచి సుమారు 42 అంగుళాల్లో ఉంటే మెడ నొప్పి రాదు. కేబుళ్లన్నీ టీవీని గోడ మౌంట్‌కి తగిలించకముందే గుచ్చేయండి, తర్వాత వెనక చెయ్యి దూరదు. సౌండ్‌బార్ ఏఆర్‌సీ అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టుకే వెళ్లాలి. సెట్‌టాప్ బాక్సుకి కూడా హెచ్‌డీఎంఐ వాడండి, ఎరుపు పసుపు తెలుపు వైర్లతో కలిపితే హెచ్‌డీ ఛానల్ కూడా మసకగానే వస్తుంది. కేబుళ్లకి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే బోలెడు రకాలు దొరుకుతాయి.

మే నెల గాలివానల్లో ఉరుములు మొదలైతే స్పైక్ గార్డును నమ్ముకుని కూర్చోకుండా ప్లగ్గు, కేబుల్ వైరు రెండూ పీకేయండి.

సెట్టింగుల్లో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని మరీ నున్నగా చూపించేది) ఆపేయండి, అది ఉంటే సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. క్రికెట్‌కి కావాలంటే కొంచెం పెట్టుకోవచ్చు. 4కే సినిమాలకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్సే, అయినా రూటర్ రెండు గోడల అవతల ఉంటే సిగ్నల్ తడబడుతుంది, ఒక ల్యాన్ కేబుల్ లాగించేస్తే టెన్షన్ ఉండదు. చివరగా యూట్యూబ్‌లో పూర్తి తెలుపు, పూర్తి బూడిద రంగు తెరలు వేసి చుక్కలు, నీడలు ఉన్నాయేమో దగ్గరగా చూడండి, మార్చుకునే గడువు దాటేదాకా అట్టపెట్టె, థర్మాకోల్ పారేయకండి.