విశ్వానికి అంతుందా? బంతి, దారం, చిటికెన వేలితో ఆలోచించడం ఎలా?

విశ్వానికి ఎక్కడైనా అంతుందా, లేక సాగిపోతూనే ఉంటుందా అని అడిగితే మనవాళ్లు సాధారణంగా రెండు జవాబులు చెబుతారు. ఒకరు ‘అనంతం’ అని చేతులెత్తి దండం పెడతారు, ఇంకొకరు ‘ఎవడు చూసొచ్చాడు’ అంటారు. చూసి రాకుండానే ఇందులో చాలావరకు తేల్చుకోవచ్చు. ఎక్కడ ఆగిపోవాలో కూడా చెప్పొచ్చు. టెలిస్కోపు అక్కర్లేదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో దొరికే ఒక ప్లాస్టిక్ బంతి, స్కెచ్ పెన్ను, కాస్త దారం, పాత శుభలేఖ ఒకటి, న్యూస్ పేపరు, ఒక అమావాస్య రాత్రి ఉంటే సరిపోతుంది.

1. ముందు ప్రశ్నను రెండు ముక్కలు చేయండి

మనకు కనిపించే విశ్వం వేరు, మొత్తం విశ్వం వేరు. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. ఏ కాంతీ అంతకంటే ఎక్కువ కాలం ప్రయాణం చేసి ఉండదు. అలాగని మన చూపు 1,380 కోట్ల కాంతి సంవత్సరాల (కాంతి ఒక ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం) దూరానికే ఆగిపోతుందనుకోకండి. కాంతి దారిలో ఉండగానే విశ్వం వ్యాకోచిస్తూ వచ్చింది కాబట్టి, దాన్ని పంపిన చోటు ఇప్పుడు సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరానికి జరిగిపోయింది. మన చూపుకు హద్దు అదే. దానికి కొలత ఉంది, అక్కడ పేచీ లేదు. పేచీ అంతా ఆ హద్దుకు అవతల ఏముందన్న దాని గురించే.

2. చీకటిని చూడండి

కార్తీక మాసంలో అమావాస్య దగ్గర పడ్డాక ఊరి దీపాలకు దూరంగా వెళ్లండి. బెంజ్ సర్కిల్ దగ్గర డాబా ఎక్కితే చుక్కలు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సిందే. గుంటూరు వాళ్లకు బాపట్ల దగ్గరి సూర్యలంక నయం. పౌర్ణమికి మాత్రం వెళ్లకండి, ఆ రోజు వెన్నెలా ఎక్కువే, జనమూ ఎక్కువే. అంత దూరం కుదరకపోతే ఏదైనా పొలం గట్టు చాలు.

రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య ఉత్తరం వైపు తిరగండి. సగం ఎత్తులో ‘ఎం’ అక్షరం ఆకారంలో ఐదు నక్షత్రాలు ఉంటాయి. ఆ అక్షరం పైకొనల్లో ఎక్కువ మొనదేలినది చూపించే వైపుగా ఇంకాస్త పైకి చూస్తే, చీకటికి అలవాటుపడ్డ కంటికి మసకగా చిన్న మరక తగులుతుంది. అది ఆండ్రోమెడా గెలాక్సీ. ఆ వెలుగు బయల్దేరి 25 లక్షల సంవత్సరాలైంది.

ఇప్పుడు ఆ మరకను వదిలేసి చుట్టూ ఉన్న నలుపును చూడండి. సూర్యలంక తీరంలో సరుగుడు తోటలుంటాయి. తోట చిన్నదైతే మానుల సందుల్లోంచి సముద్రం కనిపిస్తుంది. బాగా పెద్దదైతే ఎటు చూసినా చూపు ఏదో ఒక మానుకు తగిలి ఆగిపోతుంది. విశ్వం అనంతమై, అంతటా నక్షత్రాలుండి, అవి ఎప్పటినుంచో వెలుగుతూ ఉంటే మన చూపు కూడా ఎటుపోయినా ఏదో ఒక నక్షత్రానికి తగలాలి. రాత్రి ఆకాశం మొత్తం సూర్యబింబంలా మండిపోవాలి. మండిపోవడం లేదంటే ఆ మూడు మాటల్లో కనీసం ఒకటి తప్పన్నమాట.

ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1610లోనే ఈ లెక్క వేసి, విశ్వానికి హద్దుందని తేల్చేశాడు. 1823లో జర్మనీకి చెందిన ఓల్బర్స్ ఇదే ప్రశ్నను మళ్లీ లేవదీశాడు. కెప్లర్‌ది మంచి ప్రశ్నే కానీ జవాబులో తొందరపడ్డాడు. తప్పు ‘ఎప్పటినుంచో’ అన్న మాటలో ఉంది. విశ్వానికి ఒక వయసుంది, చాలా దూరపు నక్షత్రాల వెలుగు ఇంకా మన దాకా రాలేదు. కాబట్టి చీకటి మనకు చెప్పేది విశ్వం వయసు గురించే, దాని సైజు గురించి కాదు. ఈ రెండింటినీ కలిపేయకండి.

ఇంకో విశేషం. మన చూపు నిజంగానే ఎటుపోయినా ఒకచోట ఆగుతుంది. విశ్వం పుట్టిన 3,80,000 సంవత్సరాలకు, అది సుమారు 3,000 డిగ్రీల వేడిమీద ఉన్నప్పుడు వెలువడిన కాంతి అన్ని దిక్కుల నుంచీ ఇప్పటికీ వస్తోంది. దారిలో దాదాపు 1,100 రెట్లు సాగిపోయి మైక్రోవేవ్‌లుగా మారింది కనుక కంటికి ఆనదు. దీన్ని పట్టుకున్నట్టు అమెరికా శాస్త్రవేత్తలు పెంజియాస్, విల్సన్ 1965లో ప్రకటించారు. 1978లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఈ కాంతితో మనకు నాలుగో మెట్టులో పనుంది.

3. బంతి మీద త్రిభుజం గీయండి

దారాన్ని బంతి నడుము చుట్టూ ఒకసారి చుట్టి కత్తిరించండి. దాన్ని నాలుగు మడతలు పెడితే ఒక మడత పొడవే మన త్రిభుజం భుజం. బంతి నెత్తిన చుక్క పెట్టి, అక్కడి నుంచి నడుము దాకా దారం బిగించి గీత గీయండి. అక్కడ పక్కకు తిరిగి నడుము వెంట అంతే పొడవు, మళ్లీ అక్కడి నుంచి నెత్తికి. దారం వదులైతే గీత వంకరపోతుంది, పక్కన ఇంకొకరు పట్టుకుంటే మేలు. ఇప్పుడు శుభలేఖ మూలను ఒక్కో కోణానికి ఆనించి చూడండి. మూడింటికీ సరిపోతుంది. మూడు తొంభైలు 270 డిగ్రీలు! బళ్లో చదివిన 180 ఏమైపోయింది? అది చదునైన చోటే చెల్లుతుంది.

ఈ బంతి పైతలానికి కొలత ఉంది, అంచు మాత్రం ఎక్కడా లేదు. అంతమున్న చోట గోడ ఉండి తీరాలన్న మన అనుమానం ఇక్కడితో పోవాలి. విశ్వం కూడా ఇలా అంచు లేకుండానే పరిమితంగా ఉండొచ్చని 1917లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించాడు. అసలు లాభం ఏమిటంటే, బంతిని బయటి నుంచి చూడక్కర్లేదు. దాని మీదే ఉండి కోణాలు కొలిస్తే వంపు తెలిసిపోతుంది.

4. ఆకాశంలో త్రిభుజం కొలవండి

చెయ్యి చాచి చిటికెన వేలు నిలబెట్టండి. ఆకాశంలో ఆ వేలి వెడల్పు దాదాపు ఒక డిగ్రీ, అంటే పక్కపక్కనే రెండు నిండు చందమామలంత. ఆ పాత మైక్రోవేవ్ కాంతిలో కాస్త వేడిగా, కాస్త చల్లగా ఉన్న మచ్చలున్నాయి. వాటి అసలు సైజు ఎంతో భౌతికశాస్త్రం లెక్కకట్టి చెబుతుంది. మచ్చ రెండు కొసలు, మన కన్ను కలిస్తే విశ్వమంత త్రిభుజం. విశ్వం బంతిలా వంగి ఉంటే మచ్చలు డిగ్రీ కంటే పెద్దవిగా కనబడాలి, గుర్రపు జీనులా వంగి ఉంటే చిన్నవిగా. 2000లో బూమరాంగ్ అనే బెలూన్ ప్రయోగం, ఆ తర్వాత 2009లో ఎగిరిన ప్లాంక్ ఉపగ్రహం కొలిస్తే దాదాపు డిగ్రీయే వచ్చింది. ప్లాంక్ కొలతల్ని గెలాక్సీల సర్వేలతో కలిపితే వంపు సున్నా, తేడా ఉంటే అటూ ఇటూ వెయ్యికి రెండు పాళ్లు.

అయితే ఆ రెండు పాళ్లను తేలిగ్గా తీసుకోకండి. విజయవాడ, గుంటూరు, తెనాలి కలుపుతూ ఒక త్రిభుజం గీయండి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దాని కోణాల మొత్తం 180 కంటే ఎక్కువే ఉంటుంది. ఎంత ఎక్కువ? డిగ్రీలో వెయ్యో వంతు కూడా ఉండదు. జామెట్రీ బాక్సుతో కొలిచినవాడు భూమి బల్లపరుపు అని సంతకం పెట్టేస్తాడు. కనిపించే విశ్వం కూడా అసలు విశ్వంలో అంత చిన్న ముక్కే అయితే, మనకూ చదునుగానే కనబడుతుంది.

5. న్యూస్ పేపర్ను చుట్టండి

నిజంగానే వంపు సున్నా అనుకుందాం. అప్పుడు అనంతమే కదా? కాదు. పేపరు మీద త్రిభుజం గీసి, పేపర్ను గొట్టంలా చుట్టండి. గీతలు సాగలేదు, కోణాలు మారలేదు, 180 అలాగే ఉంది. కానీ గొట్టం చుట్టూ నడిచే చీమ బయల్దేరిన చోటికే తిరిగొస్తుంది. రెండో వైపు కూడా చుట్టబోతే కాగితం నలిగిపోతుంది కానీ లెక్కల్లో నలగదు. మూడు దిక్కుల్లోనూ ఇలా చుట్టుకున్న విశ్వం చదునుగానే ఉంటుంది, పరిమితంగానూ ఉంటుంది. అది మన చూపు కంటే చిన్నదైతే ఆకాశంలో రెండు వేర్వేరు దిక్కుల్లో ఒకే మచ్చల వరుస వలయాల్లా రెండుసార్లు కనబడాలి. ఉపగ్రహాల మ్యాపుల్లో వెతికారు, దొరకలేదు. చుట్టుకుని ఉంటే మన చూపుకు అవతలే చుట్టుకుని ఉండాలి.

6. వార్తలు చదివేటప్పుడు

‘విశ్వం సైజు తేలింది’ అని ఉంటే, కనిపించే భాగమా, మొత్తమా అని ముందు చూడండి. కొలత పక్కన తేడా ఎంతో ఇవ్వకపోతే దాన్ని పెద్దగా పట్టించుకోకండి. ‘విశ్వం చదునుగా ఉంది, కాబట్టి అనంతం’ అని కనిపిస్తే మాత్రం ఆ ‘కాబట్టి’ దగ్గర ఆగండి. విశ్వం ఎక్కడా చుట్టుకుని లేదన్న ఊహ అక్కడ చెప్పకుండా దూరిపోయింది, దానికి ఇప్పటిదాకా ఏ కొలతా లేదు.