పాస్ రషర్‌నీ, లైన్‌మన్‌నీ అంచనా వేయాలంటే సాక్‌ల లెక్క చాలదు

అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సాక్‌లను (క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే పాస్‌లు విసిరేవాణ్ణి, బంతి వదలకముందే పడగొట్టడం) అధికారికంగా లెక్కపెట్టడం 1982లో మొదలుపెట్టింది. అప్పటి నుంచి పాస్ రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే డిఫెన్స్ ఆటగాడు) పేరు ఎత్తితే అందరూ ముందు అడిగేది ఆ అంకే. అది ఎంత మోసం చేస్తుందో చూడాలంటే 2001 సీజన్‌లో న్యూయార్క్ జెయింట్స్ చివరి ఆట వీడియో తీయండి. గ్రీన్‌బే క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్ర్ బంతితో పక్కకి పరిగెత్తి, తనంతట తానే నేలమీదికి జారాడు. జెయింట్స్ రషర్ మైకేల్ స్ట్రహాన్ వచ్చి మీద చెయ్యి వేశాడు. ఆ సీజన్‌లో 22.5 సాక్‌లు, అప్పటికి కొత్త రికార్డు! స్ట్రహాన్ గొప్పవాడే, కాదనలేం. కానీ ఆ ప్లేలో అతను ఎవరినీ ఓడించాల్సిన అవసరమే రాలేదు.

అందుకే చూడాల్సింది సాక్ పడిందా లేదా అని కాదు, ఎదురుగా ఉన్న లైన్‌మన్‌ని (క్వార్టర్‌బ్యాక్‌కి అడ్డుగా నిలిచి కాపాడేవాణ్ణి) గెలిచాడా లేదా అని. దానికి గడువు స్నాప్ (బంతి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం) నుంచి 2.5 సెకన్లు. ఆటగాళ్ల షోల్డర్ ప్యాడ్‌లలోని చిప్‌ల సమాచారంతో ఈఎస్‌పీఎన్ లెక్కగట్టే విన్ రేట్‌కీ ఇదే కొలత.

టీవీ ప్రసారం దీనికి పనికిరాదు, కెమెరా బంతి వెంట పోతుంది. ఆల్-22 వీడియో (మైదానంలోని 22 మంది ఆటగాళ్లూ కనిపించేది) కావాలి, అందులోనూ ఎండ్‌జోన్ వైపు నుంచి తీసింది. సైడ్‌లైన్ కోణంలో లోతు తెలుస్తుంది కానీ చేతులు, నడుము తెలియవు.

ముందు ఏరివేత. స్క్రీన్ పాస్‌లు (రషర్లను రానిచ్చి వాళ్ల వెనక వేసే చిన్న పాస్‌లు), ప్లే యాక్షన్ (పరుగు ఆట నటించి పాస్ వేయడం), రోలవుట్‌లు (క్వార్టర్‌బ్యాక్ పక్కకి పరిగెత్తి విసరడం), రెండు సెకన్లలోపే బంతి వదిలేసిన ప్లేలు తీసేయండి. వాటిలో లైన్‌మన్ మీద బరువు పడదు, లేదా రషర్‌కి సమయం ఉండదు. ఒక్కో ఆటలో మిగిలేవి కొన్నే కాబట్టి కనీసం మూడు నాలుగు ఆటలైనా చూడాలి, అదీ వేర్వేరు ప్రత్యర్థుల మీద.

మొదటిసారి వేసినప్పుడు మీకు కావలసిన ఆటగాణ్ణి అసలు చూడకండి. చుట్టూ ఏం జరుగుతోందో చూడండి. సెంటర్ (లైన్ మధ్యలో ఉండి బంతి అందించేవాడు) ఎటు తిరిగాడు? టైట్ ఎండ్ (లైన్ చివర నిలిచి పాస్‌లు కూడా అందుకునేవాడు) గానీ రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తేవాడు) గానీ పోతూ పోతూ రషర్‌కి ఒక దెబ్బ వేసి వెళ్లాడా? గార్డ్ (సెంటర్ పక్కనుండే లైన్‌మన్) చెయ్యి కలిపాడా? సాయం అందిన ప్లేలు ఒక వరుసలో, ఒంటరి పోరు ఇంకో వరుసలో రాయండి. ఈ రెంటినీ కలిపేస్తే ఎప్పుడూ ఇద్దరు కమ్ముకునే రషర్ సోమరిలా, పక్కన మంచి గార్డ్ ఉన్న టాకిల్ (గార్డ్‌కి బయటివైపు ఉండే లైన్‌మన్) మొనగాడిలా కనిపిస్తారు.

ఇక రెండోసారి, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా. సెకనుకు 30 ఫ్రేముల వీడియో అయితే చూడాల్సినవి 75 ఫ్రేములు. ఎడమ టాకిల్ మీదికి బయటి నుంచి ఎడ్జ్ రషర్ వస్తున్నాడనుకుందాం. బంతి కదలగానే టాకిల్ ఎడమ కాలు వెనక్కి పడుతుంది. రెండో అడుగు దగ్గర ఆపి నడుము చూడండి. అది అప్పటికే సైడ్‌లైన్ వైపు తిరిగిపోయిందా? అయితే లోపలి తలుపు తెరిచినట్టే. అనుభవమున్న రషర్ బయటికి ఒక అడుగు వేసి చటుక్కున లోపలికి కోస్తాడు. తర్వాత చేతులు. తొందరపడి ముందే విసిరితే రషర్ వాటిని కొట్టిపారేస్తాడు, టాకిల్ బరువంతా కాలి వేళ్ల మీదికి ఒరుగుతుంది. ఛాతీ మోకాళ్లను దాటి ముందుకు వచ్చిన ఫ్రేమ్ కనిపిస్తే, ఆ తర్వాత ఏమైందో చూడకముందే చెప్పేయొచ్చు. చేతులు రషర్ ఛాతీ మీద కాక భుజాల బయట పడితే హోల్డింగ్ (ఎదుటివాణ్ణి పట్టుకుని ఆపడం) కింద పది గజాలు పోయే ప్రమాదం.

రషర్ వైపు నుంచి చూడాల్సింది మలుపు. లోపలి భుజం దించి, చీలమండ వంచి, వేగం తగ్గకుండా తిరగగలిగాడా? టాకిల్‌ని దాటి క్వార్టర్‌బ్యాక్ వెనక నుంచి దూసుకుపోయినవాడు చూడ్డానికి గెలిచినట్టుంటాడు. నిజానికి టాకిల్ అతన్ని పక్కనుంచి నెడుతూ పాకెట్ (క్వార్టర్‌బ్యాక్ చుట్టూ లైన్‌మన్లు కాపాడే చోటు) దాటించేశాడు. ఆ మార్కు టాకిల్‌దే, ఎంత వికారంగా ఉన్నా సరే.

బుల్ రష్‌లో (రషర్ నేరుగా లైన్‌మన్‌ని వెనక్కి తోసుకుంటూ రావడం) లైన్‌మన్ ఒకటి రెండడుగులు వెనక్కి పోవడం తప్పు కాదు. నడుము దించి మళ్లీ నిలదొక్కుకున్నాడా, క్వార్టర్‌బ్యాక్ ఒళ్లో పడ్డాడా అన్నదే తేడా. 2.5 సెకన్ల దగ్గర ఆపండి. రషర్ నడుము లైన్‌మన్ నడుము కంటే క్వార్టర్‌బ్యాక్‌కి దగ్గరగా ఉంటే రషర్ గెలిచాడు. సమంగా ఉంటే సగం మార్కు.

ఎక్కువమంది పొరబడేది నేరం ఎవరిదో తేల్చడంలో. టాకిల్ ఏడెనిమిది గజాల లోతులో పాకెట్ ఉంటుందని కాపలా కాస్తుంటే, క్వార్టర్‌బ్యాక్ పది గజాలు వెనక్కి పోతే సాక్ టాకిల్ నెత్తిన పడుతుంది. నాలుగు సెకన్లు బంతి పట్టుక్కూర్చున్నా అంతే. స్టంట్‌లో ఇద్దరు రషర్లు స్థానాలు మార్చుకుంటారు. గార్డ్‌ని గుద్ది దారి తెరిచినవాడికి ఏమీ రాదు, ఆ దారిలో వచ్చినవాడికి సాక్ వస్తుంది. దారి తెరిచినవాడికి కూడా మార్కు రాయండి. ఎవరి మనిషి ఎవరో తేలకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి.

శరీర కొలతల గురించి ఒక్క మాట. టాకిల్ చేతులు 33 అంగుళాలైనా ఉండాలంటారు. అంతకంటే పొట్టి చేతులతోనే క్లీవ్‌ల్యాండ్ టాకిల్ జో థామస్ వరసగా 10,363 స్నాప్‌లు ఆడాడు. లోపలి లైన్‌కి చిన్నవాడనిపించుకున్న ఆరన్ డొనాల్డ్ 2018లో 20.5 సాక్‌లు చేశాడు. కొలతలు వీడియోలో ఏం వెతకాలో చెప్తాయి, అంతవరకే. 40 గజాల పరుగు పరీక్షలో కూడా మొదటి పది గజాల సమయమే ముఖ్యం, రషర్ పనంతా దాదాపు ఆ దూరంలోనే.

మార్కులు వేశాక ఒక వారం ఆగి, పాతవి చూడకుండా ఒక ఆటకి మళ్లీ వేయండి. తేడా వచ్చిన ప్లేలన్నీ బుల్ రష్‌లే అయితే, సగం మార్కు ఎప్పుడివ్వాలో మీకింకా కుదరలేదన్నమాట. ఆ నియమం సరిచేసుకున్నాకే రెండో ఆటగాడి వీడియో తెరవండి.