ఉప్పునీటి చేపకి ఒంట్లో బాగోలేకపోతే ముందు ఏం చూడాలి

బరంపురం, ఇచ్ఛాపురం వైపు స్కాట్, మోనో, చుక్కల పఫర్ లాంటి, సముద్రపు నీళ్ళూ మంచినీళ్ళూ కలిసే చోట బతికే చేపల్ని పెంచేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, చేప డల్‌గా ఉందని షాపుకెళ్ళి నీలం మందు తెచ్చి పోసేయకండి. షాపుల్లో వీటిని మామూలుగా మంచినీళ్ళలోనే పెట్టి అమ్ముతారు, కొన్నాళ్ళు బాగానే ఉంటాయి, తర్వాత రంగు నల్లబడి రెక్కలు ముడుచుకుని మూల పట్టేస్తాయి. మన చిలికా చూడండి, వానాకాలంలో ఉప్పు తగ్గుద్ది, ఎండాకాలంలో పెరుగుద్ది, ఆ మార్పు ఈ రకాలు తట్టుకుంటాయి గానీ ఏడాదంతా ఉప్పే లేకుండా అంటే కష్టం.

ట్యాంకులో అన్నీ ఒకేసారి పైకొచ్చి నోరు తెరుచుకుంటున్నాయా, అయితే అది నీళ్ళ గొడవే, చేపల మలం, మిగిలిన మేత నుంచి పుట్టే విషాలు అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ చేయండి, రెండూ సున్నా ఉండాలి. ఉప్పునీటి ట్యాంకులో పీహెచ్ ఎక్కువ కాబట్టి కొంచెం అమ్మోనియా ఉన్నా గట్టిగా కొడుతుంది. ట్యాంకులో ఉన్నంత ఉప్పే కలిపి, క్లోరిన్ పోగొట్టిన నీళ్ళతో మూడో వంతు మార్చండి, మేత ఆపేయండి, ఎయిర్ పంప్ పెంచండి. ఒక్క చేపే అలా ఉంటే మాత్రం జబ్బైనా కావచ్చు, మిగతావి తరుముతున్నా కావచ్చు, కాసేపు దూరంగా కూర్చుని చూస్తే తెలిసిపోద్ది.

తర్వాత హైడ్రోమీటర్, అంటే నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూపే పరికరం. ఎక్కువ రకాలకి 1.005 నుంచి 1.010 దాకా బాగుంటుంది, 1.010కి లీటరుకి సుమారు 14 గ్రాముల మరైన్ సాల్ట్, అంటే సముద్రపు చేపల ట్యాంకులకి అమ్మే ఉప్పు, వంటింటి ఉప్పు కాదండోయ్, అందులో పీహెచ్ నిలబెట్టే సరుకు ఉండదు. బకెట్లో కరిగించి రోజుకి 0.002 మించకుండా పెంచాలి, లేకపోతే ఫిల్టర్లో అమ్మోనియాని పోగొట్టే బ్యాక్టీరియా దెబ్బతిని మళ్ళీ అమ్మోనియా మొదలు. ఎండలకి నీళ్ళు ఆవిరైతే ఉప్పు ఎక్కడికీ పోదు, కాబట్టి తగ్గిన మేరకి మంచినీళ్ళే పోయాలి.

ఒంటి మీద ఉప్పు గింజల్లా తెల్ల చుక్కలొచ్చి చేప రాళ్ళకి రుద్దుకుంటుంటే, మంచినీళ్ళ ట్యాంకైతే అది ఇక్ అనే పరాన్నజీవి జబ్బు, ఉప్పు మెల్లగా పెంచితే చాలావరకు పోతుంది. ఉప్పు ఇప్పటికే బాగా ఎక్కువున్నా చుక్కలొస్తే అది సముద్రపు రకం ఇక్, దానికి రాగి మందు వాడతారు, వేరే ట్యాంకులో, రాగి కొలిచే కిట్ ఉంటేనే. పఫర్లకి, రొయ్యలకి, నత్తలకి రాగి అస్సలు పడదు. రెక్క అంచున కాలీఫ్లవర్ ముక్కలా గడ్డ లేస్తే కంగారు పడొద్దు, అది వైరస్, స్కాట్లకీ మోనోలకీ వస్తుంటుంది, మందు లేదు, కోయకండి, నీళ్ళు బాగుంటే చాలాసార్లు దానంతటదే పోతుంది. పొలుసులు లేచి పొట్ట ఉబ్బితే మాత్రం విడిగా పెట్టాల్సిందే, అలాంటివి కోలుకోవడం తక్కువ.

ఇంకోటి ఏటంటే, మన దగ్గర 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ లాంటి తుఫాన్లు వస్తే కరెంటు ఎన్నాళ్ళకొస్తుందో చెప్పలేం, బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. చాలాసేపు ఆగిపోయిన ఫిల్టర్‌ని అలాగే ఆన్ చేయకండి, లోపల కుళ్ళిన నీళ్ళు పారబోసి, ట్యాంకు నీళ్ళతోనే స్పాంజి కడిగి పెట్టండి.