వన్యప్రాణుల నిర్వహణ, 4వ పాఠం: రోళ్లపాడు లెక్క

ఒక చోట జంతువుల సంఖ్య పుట్టుక, చావు, రాక, పోక అనే నాలుగింటి మీద ఆధారపడుతుందని పోయిన పాఠంలో చూశాం. ఆ లెక్కను ఈసారి నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడులో వేసి చూద్దాం.

బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అనే పెద్ద గడ్డినేల పక్షి) కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. విస్తీర్ణం 614 హెక్టార్లు. పేరుకే అరణ్యం, ఉన్నదంతా గడ్డే. కాపలా పెరిగాక కృష్ణజింకలు బాగా పెరిగి పక్క చేలమీద పడ్డాయి. ఎవరికోసం పెట్టారో ఆ పిట్ట మాత్రం తగ్గుతూ తగ్గుతూ కనబడకుండా పోయింది.

కృష్ణజింక చూలు సుమారు ఆరు నెలలే. బట్టమేక మామూలుగా ఏడాదికి పెట్టేది ఒకటే గుడ్డు, అదీ నేలమీద. పాఠం కోసం 10 ఆడపక్షులు ఉన్నాయనుకుందాం. 10 గుడ్లలో 4 పిల్లలు బతికాయి, వాటిలో ఆడవి 2. అదే ఏడాది పెద్ద ఆడపక్షులు 3 కరెంటు తీగలు తగిలో, మరోలాగో చచ్చిపోతే తరుగుదల మొదలైనట్టే. పైగా ఆ 2 పిల్లలు గుడ్డు పెట్టే ఈడుకు రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. ఇలాంటి జాతిలో ముందు కాపాడాల్సింది పెద్ద పక్షుల్ని. గూళ్ల కాపలా ఆ తర్వాతి మాట.

ఇక చోటు సంగతి. ఈ పిట్టకు 614 హెక్టార్లు ఏ మూలకూ చాలవు. చుట్టుపక్కల మెట్ట చేలల్లో మిడతలు, గింజలు ఏరుకుని తింటుంది. కాలువ నీళ్లొచ్చి పైర్లు మారాక ఆ మేత నేల తరిగిపోయింది. రైతును తప్పుపట్టలేం, నీళ్లొస్తే వద్దనేదెవరు? నన్నడిగితే, జొన్న వేసే మెట్టరైతుకు గిట్టుబాటయ్యేలా చూడటం కూడా అభయారణ్యం ఖర్చులోనే రాయాలి.

గడ్డి విషయంలోనూ అతి పనికిరాదు. మేపు పూర్తిగా ఆపితే గుబురెక్కి పిట్టకు దూరం కనబడదు, విచ్చలవిడిగా మేపితే గుడ్డుకు చాటుండదు. కొంత మేపి, కొంత వదిలి, ఏటా ఆ ముక్కలు మార్చుకుంటూ పోవాలి.

అభ్యాసం: వానాకాలం చివర్లో మీ ఊరి బీడులో తిన్నగా నడవండి. పది అడుగులకోసారి ఆగి గడ్డి చీలమండ దాకా ఉందో, మోకాలి దాకానో, నడుం దాకానో రాసుకోండి. పెంటికలుంటే అవీ రాయండి. మొత్తం 50 చోట్లు చాలు. ఎండాకాలంలో మళ్లీ అదే దారిన నడిచి ఇంకో పట్టిక రాయండి. ఒక బీడు ఎన్ని నోళ్లకు మేత పెట్టగలదో వచ్చే పాఠంలో మొదటి పట్టికతో లెక్క మొదలుపెడదాం.