కంప్యూటర్‌లో డ్రమ్స్ - 4వ పాఠం: డ్రమ్మర్‌కి ఉన్నవి రెండే చేతులు

నోట్లన్నీ గ్రిడ్ గీత (తెర మీద తాళం లెక్క చూపే గీత) మీదే కూర్చుంటే మిషన్ కొట్టినట్టుంటుంది, కాస్త అటూ ఇటూ జరపండి అని పోయిన పాఠంలో అన్నాను. తప్పు నాదే. దేన్ని జరపాలో, ఎంత జరపాలో చెప్పకుండా వదిలేశాను. మీరు పంపిన ట్రాకులు విన్నాక తెలిసింది: చాలామంది మొత్తం సెలెక్ట్ చేసి, హ్యూమనైజ్ (నోట్లని తనంతట తనే అటూ ఇటూ మార్చేది) నొక్కి, టైమింగ్‌ని చివరిదాకా లాగేశారు. మిషన్ పోయింది, నిజమే. దాని స్థానంలో తాగొచ్చిన డ్రమ్మర్ కూర్చున్నాడు.

లెక్క చూడండి. టెంపో 90 అయితే బీటుకి 667 మిల్లీసెకన్లు. బీటుని 480 టిక్కులుగా కోస్తే ఒక్కో టిక్కు 1.4 కి కాస్త తక్కువ. ఒకరు 30 టిక్కులు ఇచ్చారు. అంటే కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) 30 వెనక్కీ, దానితో కలిసి పడాల్సిన హై హ్యాట్ (కాలితో తెరిచి మూసే జంట తాళాలు) 30 ముందుకీ పోవచ్చు. మధ్యలో 60 టిక్కులు, సుమారు 83 మిల్లీసెకన్లు. పదహారో నోటు నిడివే 120 టిక్కులు, అందులో సగం! ఒక్క దెబ్బ రెండుగా చీలిపోయి వినిపించక ఏం చేస్తుంది?

నా అలవాటు చెప్తాను. కిక్‌ని అసలు ముట్టుకోను. స్నేర్ (ముందుండే, కర్రతో గట్టిగా కొట్టే చిన్న డ్రమ్) 5 నుంచి 8 టిక్కులు వెనక్కి, అంటే ఆలస్యంగా, హై హ్యాట్ రెండో మూడో అటూ ఇటూ. వేగం పాటైతే స్నేర్ కూడా గీత మీదే. రీపర్ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో మామూలుగా బీటుకి 960 టిక్కులుంటాయి, అది వాడేవాళ్లు ఈ అంకెల్ని రెట్టింపు చేసుకోండి.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. వెలాసిటీని (దెబ్బ ఎంత గట్టిదో చెప్పే అంకె, గరిష్ఠం 127) కూడా హ్యూమనైజ్‌కి అప్పగించి, అంకెలు మారాయి కాబట్టి మనిషి కొట్టినట్టే అనుకుంటున్నారు. మనిషి చెయ్యి లాటరీ కాదండీ. డప్పు దగ్గర నిలబడి చూడండి. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. దరువులో పెద్ద దెబ్బ ఎందుకు పెద్దదో, చిన్నది ఎందుకు చిన్నదో కారణం ఉంది: ఏ చేతిది, ఎక్కడ పడింది. డ్రమ్ సెట్‌లోనూ అంతే. బీటు మీద కర్ర మెడ భాగం హై హ్యాట్ అంచుకి తగులుతుంది, మధ్యలో కర్ర మొన పైపైన తాకుతుంది. అందుకే నేను ఒక బార్‌లో ఎనిమిది హై హ్యాట్లకి ఇలా రాస్తాను:

96, 62, 84, 58, 92, 64, 82, 60

ఒకటో బీటు అన్నిటికన్నా గట్టిది, మూడోది దాని వెనకే. రెండు, నాలుగు బీట్ల మీద స్నేర్ ఎలాగూ మోగుతుంది కాబట్టి హ్యాట్‌ని తగ్గించాను. స్నేర్‌కి 112, 116. మధ్యలో గుసగుసలాడే చిన్న దెబ్బలకి 25 నుంచి 40. స్నేర్ మొత్తం 127 పెట్టినవాళ్లకి ఒకే ప్రశ్న: పాట చివర ఇంకా గట్టిగా కొట్టాలంటే ఎక్కడికి వెళ్తారు?

రోల్‌కీ (రెండు చేతులూ మార్చి మార్చి గబగబా కొట్టేది) ఇదే సూత్రం. కుడి 88, ఎడమ 70, కుడి 92, ఎడమ 73. అయినా మర తుపాకీలా వినిపిస్తే తప్పు మీది కాదు, కిట్‌ది (మీరు వాడే డ్రమ్ శబ్దాల సెట్). ఒకే వెలాసిటీతో ఎనిమిది స్నేర్లు వేసి వినండి. ఎనిమిదీ అచ్చు గుద్దినట్టుంటే లోపల ఒకటే శాంపిల్ (రికార్డు చేసిన దెబ్బ) ఉందన్నమాట. ప్రతి దెబ్బకీ శాంపిల్ మార్చే కిట్ వెతుక్కోండి, దాన్నే రౌండ్ రాబిన్ అంటారు. కొనగలిగితే ఈజీడ్రమ్మర్ లాంటివి ఉన్నాయి. నేనైతే ఇప్పటికీ ఉచితంగా దొరికే హైడ్రోజన్ అనే డ్రమ్ ప్రోగ్రామ్‌లోనే ముందు దరువు అల్లుకుంటాను, శబ్దం సంగతి తర్వాత.

రెండు చేతుల మాట. ఏ నిలువు గీత దగ్గరైనా ఆగి లెక్కపెట్టండి. ఇక్కడి అంకెలు వెలాసిటీ కాదు, ఒక్కో వాయిద్యానికి ఉన్న మిడి నోట్ నంబర్లు. 49 క్రాష్ (పెద్దగా మోగే తాళం), 38 స్నేర్, 42 మూసిన హై హ్యాట్, మూడూ ఒకేసారి ఉంటే మూడో చెయ్యి ఎవరిది? 42 తీసేయండి. కావాలంటే 44 పెట్టుకోండి, అది కాలితో మూసేది. టామ్స్ (మిగతా డ్రమ్ములు) మీద ఫిల్ (దరువు మధ్యలో వచ్చే చిన్న అల్లిక) నడుస్తున్నంతసేపూ హై హ్యాట్ కర్రకి సెలవు. 46 (తెరిచిన హై హ్యాట్) మోగుతుండగా 42 పడితే మొదటిది టక్కున ఆగాలి. ఆగకపోతే హైడ్రోజన్‌లో ఆ రెండిటినీ ఒకే మ్యూట్ గ్రూప్‌లో పెట్టండి.

అభ్యాసం: 90 టెంపోలో 16 బార్లు. హ్యూమనైజ్ నిషేధం. కుడిచెయ్యి ఒక ట్రాక్, ఎడమచెయ్యి ఒకటి, రెండు కాళ్లకి చెరొకటి. ఏ ట్రాక్‌లోనూ ఒకే క్షణంలో రెండు నోట్లు ఉండకూడదు. 8వ బార్‌లో ఫిల్, 9వ బార్ మొదట్లో క్రాష్. అయ్యాక కుర్చీలో కూర్చుని, పాట పెట్టుకుని, ఆ 16 బార్లూ తొడల మీద నెమ్మదిగా వాయించండి. చెయ్యి అందని చోట నోట్ చెరిపేసి, అప్పుడే నాకు పంపండి.