మొజాంబిక్‌కు కొత్తగా వచ్చినవారికి: 1975 తర్వాతి చరిత్ర తెలిస్తే తేలికయ్యే పనులు

మొజాంబిక్‌కు పోర్చుగల్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది 1975 జూన్ 25న. ఇల్లు అద్దెకు తీసుకున్నా, బ్యాంకు ఖాతా తెరిచినా, ఇండియాకు డబ్బు పంపినా ఆ తేదీ తర్వాత జరిగిన ఏదో ఒక సంగతి అడ్డు తగులుతుంది. కారణం తెలియనివాళ్లు "ఇక్కడ ఏ పనీ కాదు" అని విసుక్కుంటారు. తెలిసినవాళ్లు ఏ కాగితం ముందు తెచ్చుకోవాలో చూసుకుంటారు. రాజధాని మపూటోలో కంపెనీ ఉద్యోగానికి వచ్చినా, బెయిరా, నకాలా ఓడరేవుల్లో పనికి వచ్చినా, టేటె బొగ్గు గనులకు వచ్చినా ఇందులో చాలా సంగతులు పనికొస్తాయి. టేటెతో మనకు నేరుగా సంబంధం కూడా ఉంది. అక్కడి బెంగా గనిని 2014లో గనుల కంపెనీ రియో టింటో నుంచి కొన్న భారత ప్రభుత్వ సంస్థల కూటమిలో విశాఖ ఉక్కు, హైదరాబాద్‌లోని ఎన్‌ఎండీసీ భాగస్వాములు.

బయల్దేరే ముందు

అన్నిటికన్నా ముందు పాస్‌పోర్టులో ఇంటిపేరు చూసుకోండి. ఇక్కడి ప్రతి దరఖాస్తు పోర్చుగీసు పద్ధతిలోనే ఉంటుంది. "అపెలీదు" అన్న గడిలో ఇంటిపేరు, "నోమె" అన్న గడిలో సొంత పేరు, "ఫిలియసావ్" దగ్గర తల్లిదండ్రులిద్దరి పేర్లు రాయాలి. మనలో చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, లేదా ఆ గడి ఖాళీగా ఉంటుంది. అలాంటి పాస్‌పోర్టుతో వస్తే నివాస కార్డులో ఒక పేరు, పన్ను నంబరులో ఇంకో పేరు, బ్యాంకులో మూడో పేరు పడతాయి. ఆ మూడూ ఒకటేనని రుజువు చేసుకోవడానికి నెలలు పడుతుంది. ఇంటిపేరు పూర్తిగా రాయించి కొత్త పాస్‌పోర్టు ఇండియాలోనే తీసుకోండి. డిగ్రీ సర్టిఫికెట్లు, పెళ్లి సర్టిఫికెట్టు, పిల్లల జనన ధ్రువపత్రాల్లోనూ అదే వరుసలో పేరు ఉండాలి.

ఉద్యోగానికి వచ్చేవాళ్లు పని వీసా మీదే రావాలి. టూరిస్టు వీసా మీద వచ్చి ఇక్కడ మార్చుకోవచ్చని చెప్పే ఏజెంటు మాట నమ్మకండి. విదేశీ ఉద్యోగుల సంఖ్యకు ఇక్కడి చట్టం కోటా పెట్టింది. పెద్ద సంస్థల్లో అది మొత్తం సిబ్బందిలో 5 శాతం. మీరు ఆ కోటా కింద వస్తున్నారా, విడిగా తీసుకున్న అనుమతి మీద వస్తున్నారా అన్నది సంతకం పెట్టకముందే అడిగి తెలుసుకోండి. కోటా నిండిపోయిన కంపెనీకి వస్తే ఇబ్బంది పడేది మీరే.

ఇల్లు: నేల ఎవరిది, గోడలు ఎవరివి

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఇక్కడ దాదాపు 2.5 లక్షల మంది పోర్చుగీసువాళ్లు ఉండేవారు. కొద్ది నెలల్లోనే వాళ్లలో అత్యధికులు వెళ్లిపోయారు. కొందరికైతే 24 గంటల్లో, 20 కిలోల సామానుతో వెళ్లిపొమ్మని ఆదేశం వచ్చింది. డాక్టర్లు, ఇంజినీర్లు, లెక్కలు రాసేవాళ్లు, లారీ డ్రైవర్లు కూడా వాళ్లే కావడంతో దేశం ఒక్కసారిగా నిలిచిపోయినంత పనైంది. అప్పటికి జనంలో 90 శాతానికి పైగా చదవడం రాయడం రానివాళ్లు. 1962లో నేటి టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో పుట్టి, 1964 నుంచి సాయుధంగా పోరాడిన విమోచన సంస్థ ఫ్రెలిమో చేతికి దేశం వచ్చింది ఈ స్థితిలోనే. దేశ మొదటి అధ్యక్షుడు సమోరా మషేల్ 1975 జూలై 24న బడులను, ఆస్పత్రులను ప్రభుత్వపరం చేశారు. 1976 ఫిబ్రవరి 3న అద్దె ఇళ్లన్నీ ప్రభుత్వానివయ్యాయి. లొరెన్సో మార్కెస్ అన్న పాత పేరు పోయి రాజధాని మపూటో అయిందీ ఆ ఏడాదే.

దీని ఫలితం మీ అద్దె ఒప్పందంలో కనిపిస్తుంది. భూమి ఇప్పటికీ ప్రభుత్వానిదే. దాన్ని అమ్మడం, కొనడం, తాకట్టు పెట్టడం చెల్లవు. దొరికేది "దువాత్" అనే వాడుక హక్కు మాత్రమే. 1997 భూమి చట్టం ప్రకారం వ్యాపార అవసరాలకు ఇచ్చే హక్కు గరిష్ఠంగా 50 ఏళ్లు, ఆపైన పొడిగించుకోవచ్చు. "స్థలం చవగ్గా అమ్ముతున్నారు, సంతకం పెడితే మీదే" అని ఎవరైనా చెబితే అక్కడితో మాట ఆపేయండి. మన దగ్గర ప్లాట్లు కొన్న అలవాటుతో డబ్బు పోగొట్టుకునే చోటు ఇదే.

ప్రభుత్వపరమైన ఫ్లాట్లను 1990ల్లో అందులో అద్దెకున్నవాళ్లకే అమ్మేశారు. అందుకే సిటీ నడిబొడ్డున పోర్చుగీసు కాలపు పది అంతస్తుల భవనంలో ఒక్కో ఫ్లాటుకు ఒక్కో యజమాని ఉంటాడు గానీ మెట్లు, లిఫ్టు, నీళ్ల పైపులు ఎవరి బాధ్యతో చాలాచోట్ల తేలదు. ఇల్లు చూడటానికి సాయంత్రం పూట వెళ్లండి. పై అంతస్తుకు నీళ్లు ఎక్కుతున్నాయా, కుళాయి తిప్పి చూడండి. ఫ్లాటుకు సొంత ట్యాంకు, మోటారు ఉన్నాయో లేదో చూడండి. లిఫ్టు పనిచేయకపోతే నాలుగో అంతస్తు దాటి తీసుకోకండి. ఎందుకంటే నీళ్లు రాని రోజున డబ్బాలు మోయాల్సింది ఆ మెట్ల మీదుగానే. అద్దెకిచ్చే మనిషి పేరు మీదే ఆస్తి పత్రం ఉందో లేదో అడగండి. పాత అద్దెదారు మళ్లీ అద్దెకిచ్చే ఇళ్లు కూడా ఉంటాయి. కరెంటు మీటరు "క్రెదెలెక్" పద్ధతి, అంటే ముందు డబ్బు కట్టి నంబరు నొక్కాలి. మీటరు నంబరు రాసుకుని, పాత బాకీ లేదని చూసుకున్నాకే తాళం చెవి తీసుకోండి. మన 15 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు పట్టే సాకెట్లు ఇక్కడ చాలా ఇళ్లలో ఉన్నాయి. సన్నకాళ్ల 5 ఆంపియర్ల ప్లగ్గుకు మాత్రం అడాప్టరు కావాలి.

బైర్రో కాగితం లేకపోతే అడుగు ముందుకు పడదు

1974-75లో పాలన కూలిపోయినప్పుడు ఫ్రెలిమో పేటపేటకూ, ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకీ కార్యకర్తల బృందాలను పెట్టింది. రేషను, తగాదాలు, జనాభా చిట్టా అన్నీ ఆ బృందాలే చూసేవి. ఆ వ్యవస్థ ఆనవాళ్లు నేటికీ ఉన్నాయి. ప్రతి బైర్రోకు, అంటే పేటకు, ఒక సెక్రతారియు ఉంటారు. ఆయన కింద కొన్ని వీధులకో పెద్ద, "షెఫె ద క్వార్తెయిరావ్", ఉంటారు. మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నారని ఇచ్చే ధ్రువపత్రం వాళ్ల దగ్గరే దొరుకుతుంది. బ్యాంకు ఖాతాకూ, నివాస పత్రాల పనులకూ దాన్నే అడుగుతారు.

ఇల్లు మారిన మొదటి వారంలోనే వీధి పెద్దను కలవండి. ఎవరో తెలియకపోతే భవనం కాపలాదారు చెబుతాడు. పాస్‌పోర్టు నకలు, అద్దె ఒప్పందం నకలు వెంట తీసుకెళ్లండి. ఆయన పరిచయంతో పొద్దున పూట సెక్రతారియు కార్యాలయానికి వెళ్లి, చిన్న రుసుం కట్టి రసీదు తీసుకోండి. పత్రంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, ఇంటి నంబరు సరిగ్గా ఉందా అన్నది అక్కడే నిలబడి చదవండి. కింద గుండ్రటి ముద్ర లేకపోతే ఆ కాగితానికి విలువ లేదు. ఆఫీసులో మొదటి మాట "బోం దీయ". అది చెప్పకుండా నేరుగా పనిలోకి దిగితే మొరటుతనంగా చూస్తారు. పెద్దవాళ్లను "మమా", "పపా" అని, ఈడువాళ్లను "మనా", "మనో" అని పిలవడం ఇక్కడి మర్యాద. అక్కా, అన్నా అని పిలిచే మనకు ఇది కొత్తేమీ కాదు.

ఆ తర్వాత పన్ను నంబరు "నుయిట్", ఆపైన విదేశీయుల నివాస కార్డు "దీరె". కార్డు గడువుకు కనీసం నెల ముందే పొడిగింపు మొదలుపెట్టండి. గడువు దాటితే రోజుల లెక్కన జరిమానా పడుతుంది. పాస్‌పోర్టు, కార్డు నోటరీ ముద్ర వేయించిన నకళ్లు జేబులో ఉంచుకుని అసలువి ఇంట్లో పెట్టండి.

యుద్ధం మిగిల్చిన దారులు

వీధిలో పోలీసు గుర్తింపు కాగితం అడగడం మనకు కొత్తగా అనిపిస్తుంది. ఇక్కడ నడిచిన యుద్ధం గురించి తెలిస్తే అర్థమవుతుంది. 1977 నుంచి 1992 దాకా ఇక్కడ ఫ్రెలిమో ప్రభుత్వానికీ తిరుగుబాటు సంస్థ రెనామోకూ మధ్య యుద్ధం నడిచింది. రెనామోను మొదట రొడీషియా (నేటి జింబాబ్వే) గూఢచారి విభాగం నిలబెట్టింది, తర్వాత దక్షిణాఫ్రికా పోషించింది. యుద్ధం వల్లా కరవు వల్లా దాదాపు 10 లక్షల మంది చనిపోయారు. జిల్లా దాటాలంటే అనుమతి పత్రం ఉండాల్సిన రోజులవి. మషేల్ 1986 అక్టోబరు 19న విమాన ప్రమాదంలో మరణించారు. ఆయన తర్వాత వచ్చిన జోకిమ్ షిసానో హయాంలో, 1992 అక్టోబరు 4న, రోమ్‌లో శాంతి ఒప్పందం కుదిరింది. 1994లో తొలి బహుళ పార్టీ ఎన్నికలు జరిగాయి. మందుపాతరలన్నీ తీసేశామని దేశం ప్రకటించడానికి 2015 దాకా పట్టింది.

నలభై అయిదేళ్లు దాటిన ప్రతి మనిషికీ ఇది సొంత అనుభవం. "మీరు ఏ పక్షం" అని అడగకండి. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి.

ప్రయాణాలు కుదుర్చుకునేటప్పుడు మ్యాపు ఒకసారి చూడండి. పోర్చుగీసువాళ్లు వేసిన ప్రధాన రైలు మార్గాలన్నీ ఓడరేవు నుంచి లోపలి దేశాలకే పోతాయి: మపూటో నుంచి దక్షిణాఫ్రికాకు, బెయిరా నుంచి జింబాబ్వేకు, నకాలా నుంచి మలావీకి. ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కలిపే రైలు లేదు. మపూటో నుంచి బెయిరాకు రోడ్డు మీద సుమారు 1,200 కిలోమీటర్లు. వానాకాలంలో ఆ జాతీయ రహదారిని వరద తెంచేస్తే రోజుల తరబడి ఆగిపోతారు. రాత్రి పూట రోడ్డు ప్రయాణం పెట్టుకోకండి, దూరాలకు విమానమే నయం. సిటీలో "షాపా" వ్యాన్లు చవక. "చోపెలా" అంటే మన ఆటోయే, ఎక్కకముందే బేరం చేసుకోవాలి.

డబ్బు

ఇక్కడి కరెన్సీ మెతికాల్ 1980లో వచ్చింది. ధరలు విపరీతంగా పెరిగాక 2006లో మూడు సున్నాలు తీసేసి కొత్త నోట్లు వేశారు. పాతవి ఇప్పుడు చెల్లవు. అంతకన్నా మీకు ముఖ్యమైనది 2016. ప్రభుత్వ హామీతో మూడు సంస్థలు పార్లమెంటుకు తెలియకుండా తెచ్చిన అప్పులు ఆ ఏడాది బయటపడ్డాయి. ఆ వ్యవహారం మొత్తం 200 కోట్ల డాలర్లకు పైనే. దాతలు సాయం ఆపేశారు, మెతికాల్ పడిపోయింది. అప్పులు తెచ్చిన నాటి ఆర్థిక మంత్రి మాన్యుయెల్ షాంగ్‌ను 2024లో న్యూయార్క్ కోర్టు దోషిగా తేల్చింది.

బ్యాంకుల్లో డాలర్లు చాలకపోతే మీరు పంపే డబ్బు వారాలు ఆగుతుంది. కాబట్టి ఇండియాలో ఇంటి అప్పు వాయిదా ఇక్కడి జీతం మీదే పెట్టుకున్నవాళ్లు కనీసం మూడు నెలల వాయిదాలు అక్కడి ఖాతాలో ముందే వేసి ఉంచండి. జీతం ఏ కరెన్సీలో, ఏ రోజు మారకపు రేటుకు ఇస్తారో ఒప్పందంలో రాయించుకోండి. రోజువారీ ఖర్చులకు ఫోనులోంచి డబ్బు కట్టే ఎం-పెసా, ఎ-మోలా చాలు.

సెలవులు

ఆఫీసులు మూసే రోజులు ముందే క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఫిబ్రవరి 3 ఫ్రెలిమో తొలి అధ్యక్షుడు ఎడువార్డో మొండ్లానె 1969లో పార్సిల్ బాంబుకు బలైన రోజు. ఏప్రిల్ 7 మహిళా దినం. జూన్ 25 స్వాతంత్ర్యం. సెప్టెంబరు 7 స్వాతంత్ర్యం కోసం పోర్చుగల్‌తో లుసాకా ఒప్పందం కుదిరిన రోజు, 25 సాయుధ పోరాటం మొదలైన రోజు. అక్టోబరు 4 శాంతి దినం. అధ్యక్ష భవనం, సైనికులు, ప్రభుత్వ కార్యాలయాల ఫొటోలు తీయకండి.

వంటింట్లో

కందిపప్పు కోసం వెతుక్కోనక్కర్లేదు. నంపులా, జంబేజియా ప్రావిన్సుల రైతులు పండించే కంది భారత్‌కే వస్తుంది. 2016లో రెండు ప్రభుత్వాలు దీని మీద ఒప్పందం చేసుకున్నాయి. ఇక్కడ "ఫెయిజావ్ బోయెర్" అని అడగండి. మిరపకాయ "పిరి-పిరి", బెండకాయ "కియాబు". కర్రపెండలం ఆకుతో వేరుశనగ, కొబ్బరిపాలు వేసి చేసే "మతాపా" మన నాలుకకు త్వరగా అలవాటవుతుంది. ఇంట్లో చేసుకుంటే ఆకును మెత్తగా దంచి బాగా ఉడికించాలి, పచ్చి ఆకులో విషం ఉంటుంది.

జీడిపప్పు గురించి ఒక మాట. 1970ల మొదట్లో ప్రపంచంలో జీడి పంటకు ఈ దేశమే ముందుండేది. 1990ల్లో ప్రపంచ బ్యాంకు ఒత్తిడితో పచ్చి గింజల ఎగుమతి సుంకం తగ్గించారు. గింజలు భారత్‌కు పోయాయి, ఇక్కడి ఫ్యాక్టరీలు మూతపడి వేలమంది రోడ్డున పడ్డారు. స్థానిక సహోద్యోగులు ఈ మాటెత్తితే దానిలో న్యాయం ఉందని గుర్తించండి.

జ్వరం, తుఫాను, గొడవలు

ఇక్కడి మలేరియా ఎక్కువగా ఫాల్సిపారం రకం, ప్రాణం తీయగలది. జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. పరీక్షలో లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించండి. సెలవుకు ఇండియా వెళ్లాక జ్వరం వస్తే మొజాంబిక్ నుంచి వచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి.

బెయిరాలో ఉండేవాళ్లు 2019 మార్చిలో ఇదాయ్ తుఫాను ఏం చేసిందో తెలుసుకోవాలి. దేశంలో 600 మందికి పైగా చనిపోయారు. అక్కడ రేకుల కప్పున్న ఇల్లు, పల్లంలో ఉన్న ఇల్లు వద్దు. ఉత్తరాన ఉన్న కాబో డెల్గాడో ప్రావిన్సులో 2017 అక్టోబరు నుంచి తీవ్రవాదుల దాడులు జరుగుతున్నాయి. 2021 మార్చిలో పాల్మా పట్టణం మీద దాడి తర్వాత భారీ గ్యాసు ప్రాజెక్టు పనులు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. అందులో భారత ప్రభుత్వ చమురు సంస్థలకు 30 శాతం వాటా ఉంది. ఆ వైపు పంపుతామంటే కంపెనీ భద్రతా ఏర్పాట్లు కాగితం మీద చూపించమనండి.

2024 అక్టోబరు ఎన్నికల తర్వాత నిరసనలు నెలల తరబడి సాగాయి. రోడ్లు మూతపడ్డాయి, మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు, దుకాణాలు లూటీ అయ్యాయి. 2025 జనవరిలో డానియెల్ షాపో అధ్యక్షుడయ్యారు. ఇంట్లో రెండు వారాలకు సరిపడా బియ్యం, పప్పు, నూనె, తాగునీళ్లు, గ్యాసు, కొంత నగదు ఎప్పుడూ ఉంచండి. గుంపుల దగ్గర ఫోను బయటకు తీయకండి. వచ్చిన మొదటి నెలలోనే మపూటోలోని భారత హైకమిషన్‌లో పేరు నమోదు చేయించుకోండి, ఇల్లు మారినప్పుడల్లా కొత్త చిరునామా, ఫోను నంబరు వాళ్లకు పంపండి.